అక్షరం లేని బోర్డు

పర్లాకిమిడిలో బోర్డులు రాసి బతకాలంటే మూడు లిపులు చేతిలో ఉండాలి. ఒడియా ఉండి తీరాలి, అది సర్కారు మాట. తెలుగు లేకపోతే పాతపట్నం వైపు నుంచి వచ్చే బేరం గుమ్మం ముందు ఆగదు. ఇంగ్లీషు లేకపోతే ఓనరు కొడుక్కి నచ్చదు. మూడింటినీ ఒకే రేకు మీద ఇరికించాలి. ఒడియా అక్షరానికి నెత్తిన గుండ్రటి కప్పు, తెలుగు అక్షరానికి తలకట్టు. రెండింటినీ ఒకే గీత మీద నిలబెడితే తెలుగు పొట్టిగా కనబడుతుంది, అందుకని ఓ నూలు పెంచి రాస్తాను. ఏది పైన, ఏది కింద అన్న దగ్గర పేచీ పడి పెయింటు ఆరకముందే చెరిపించినవాళ్ళున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆనాడు గీసిన హద్దు కోసం నేలంతా వెతకనక్కర్లేదు, మా బజారులో తలెత్తి బోర్డులు చూస్తే చాలు.

అలాంటి నాకు ఒక్క అక్షరం కూడా లేని బోర్డు బేరం వచ్చింది. అదీ జర్మనీ నుంచి.

మా అక్క కూతురు, అల్లుడు మైంజ్ నగరానికి దగ్గర్లో ఓ పల్లెటూళ్ళో అద్దెకుంటున్నారు. చుట్టూ ద్రాక్షతోటలు, మధ్యన చర్చి, కొన్ని వందల మంది జనం. ఊరి పేరు ఇక్కడ రాయను. అక్కడున్న తెలుగు కుటుంబం అదొక్కటే, పేరు రాస్తే ఇంటి నంబరు రాసిచ్చినట్టే. వాళ్ళ ఇంటావిడకి, అంటే ఇల్లు అద్దెకిచ్చినావిడకి, డెబ్బై నిండుతున్నాయట.

"మావయ్యా, ఆవిడ ఊరి కౌన్సిల్లో చాలాకాలం చేసింది. షాపులో కొన్నది ఇవ్వబుద్ధి కావట్లేదు. ఊరి వాపెన్ నీ చేత్తో చెక్క మీద రాసి పంపవా?" అని ఫోను.

"వాపెన్ ఏటే?" అన్నాను.

"డాలు బొమ్మ మావయ్యా. ఊరి గుర్తు."

మన శాసనాలవాళ్ళు లాంఛనం అంటారే, అది. మాకు దగ్గర్లోనే ముఖలింగం. అక్కణ్ణించి ఏలిన గాంగరాజుల రాగిరేకులకి వేసిన ముద్ర మీద నంది ఉంటుంది. అలా రాజులకి, సంస్థానాలకి లాంఛనం ఉండటం తెలుసు. ఊరికి, అందులోనూ సంత కూడా జరగనంత చిన్న ఊరికి ఉండటం నాకు కొత్త.

ఫైలు పంపమన్నాను. మా పనిలో ఫైలే దేవుడు. బడి బ్యాడ్జి అయినా, పార్టీ గుర్తు అయినా "కోరెల్ ఫైలుందా?" అన్నదే మొదటి ప్రశ్న. ఫైలు లేకపోతే వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటో మీద గీతలు దిద్దుకుంటూ అర్ధరాత్రి దాకా కూచోవాలి. పిల్ల ఫైలు పంపలేదు. ఒక్క వాక్యం పంపింది. దాని అర్థం ఇది:

డాలు అడ్డంగా రెండు భాగాలు. పైన ఎరుపులో ఆరు ఆకుల (చువ్వల) వెండి చక్రం, కింద వెండిలో ఎర్రటి నాగటి కర్రు.

ఇదేం ఫైలే అని అడిగితే, అసలుది ఇదే అంది. వాళ్ళ లెక్కలో చిహ్నం అంటే ఆ మాటలే. బొమ్మ ఆ మాటలకి ఎవరో ఒకరు ఇచ్చిన రూపం. ఇంకో పెయింటరు చక్రాన్ని కొంచెం లావుగా వేస్తాడు, డాలు కింది కొసని గుండ్రంగా కాకుండా మొనదేలుస్తాడు. ఎరుపులోనే వెండి చక్రం ఉండి, ఆకులు ఆరే ఉంటే రెండూ సరైనవే. ఎరుపు ఏ ఎరుపు అన్నది కూడా మాటల్లో లేదు. నా దగ్గర పీఓ రెడ్ ఉంది, సిగ్నల్ రెడ్ ఉంది. ఏది వేసినా ఆ ఊరి ఎరుపే.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు భలే సంతోషమేసింది. ఫ్లెక్సులొచ్చాక మా చేతికి మిగిలిన స్వతంత్రం తక్కువ. ఇంత నీలం, ఇంత నలుపు అని నంబర్లు పంపి, ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే డబ్బులు ఆపేసే కంపెనీలున్నాయి. అవతల ఎనిమిది వందల ఏళ్ళ పైబడిన పద్ధతి ఒకటి, విషయం చెప్పేసి గీయడం నీకే వదిలేస్తోంది.

రంగుల లెక్క విన్నాక ఇంకా నచ్చింది. బంగారం, వెండి అని రెండు లోహాలు. ఎరుపు, నీలం, పచ్చ, నలుపు అని నాలుగు రంగులు. ఊదా ఎప్పుడో అరుదుగా వస్తుంది. బంగారం బదులు పసుపు, వెండి బదులు తెలుపు వేసుకోవచ్చు, జెండాల మీదైతే దాదాపు ఎప్పుడూ అంతే. లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. అంటే పసుపు మీద తెలుపు కుదరదు, నీలం మీద నలుపు కుదరదు. హైవే పక్కన డాబా బోర్డు ఒక్కటి రాసినవాడికి ఈ నియమం ఎవరూ చెప్పక్కర్లేదు. పసుపు మీద తెల్లక్షరం రాయి, లారీ డ్రైవరు కళ్ళు చికిలించుకుని వెళ్ళిపోతాడు. నీలం మీద నల్లక్షరం రాయి, పొద్దు వాలగానే బోర్డు ఉందో లేదో తెలీదు. వాళ్ళూ దూరం నుంచి కనబడాలనే ఆ నియమం పెట్టుకున్నారు. తప్పినవాళ్ళు లేకపోలేదు. పాత జెరూసలేం రాజ్యం గుర్తు వెండి మీద బంగారు శిలువ. నియమం దాటిన చిహ్నం ఏదంటే ముందు దాన్నే చూపిస్తారట.

మొదట్లో ఈ చిహ్నాలు గుర్రమెక్కి యుద్ధం చేసే వీరులవి. పన్నెండో శతాబ్దంలో మొదలయ్యాయి. ఇనుప తొడుగులో మనిషి పోల్చుకోవడానికి రాడు, డాలు మీద బొమ్మ చూసి ఫలానావాడని తెలుసుకోవాలి. ఇది మనకి బాగా తెలిసిన కథే. విరాటపర్వంలో ఉత్తరగోగ్రహణం దగ్గర బిత్తరపోయిన ఉత్తరుడికి అర్జునుడు కౌరవసేనని చూపించి ఏం చెప్పాడు? బంగారు వేదిక ఉన్న జెండా ద్రోణుడిది, సింహం తోక అశ్వత్థామది, పాము దుర్యోధనుడిది, తాటిచెట్టు భీష్ముడిది అన్నాడు. మొహాలు చూపించలేదు, జెండాలు చూపించాడు. మా ఒడిశాలోనైతే దీనికి భారతం దాకా కూడా వెళ్ళక్కర్లేదు. రథయాత్రనాడు ఎంత దూరంలో నిలబడ్డా, దేవుడు కనబడకపోయినా, ఏ రథం ఎవరిదో పసిపిల్లలు కూడా చెప్పేస్తారు. ఎరుపూ పసుపూ జగన్నాథుడిది, ఎరుపూ నలుపూ సుభద్రది, ఎరుపుతో పచ్చ బలభద్రుడిది. బలభద్రుడి రథం పేరే తాళధ్వజం.

డాలు మీద అక్షరాలు రాయరు. అక్కడక్కడా ఉన్నాయట గానీ, కొత్తగా చిహ్నం కావాలని వచ్చిన ఊరికి అక్షరాలూ అంకెలూ వద్దనే చెబుతారు. మూడు లిపుల మధ్య నలిగే నాకు ఇది ఎంత హాయిగా ఉందో మీరు ఊహించుకోవచ్చు. ఏది పైన అన్న పేచీయే లేదు.

కుడీ ఎడమా దగ్గర మాత్రం కాసేపు ఆగాను. వాళ్ళ వాక్యాల్లో కుడి అంటే చూసేవాడి కుడి కాదు, డాలు పట్టుకున్నవాడి కుడి. గుళ్ళో నిలబడి స్వామి కుడిచేతిలో చక్రం అన్నప్పుడు మనం మన కుడి లెక్కేస్తామా? అంతే. సింహమో గుర్రమో ఉంటే అది మామూలుగా డాలు పట్టినవాడి కుడివైపుకి, అంటే మనకి ఎడమగా, చూస్తూ ఉంటుంది. నా డాలు అడ్డంగా విడిపోయింది కాబట్టి ఆ తంటా లేదు.

చక్రంతో కూచున్నాను. ఒడిశాలో బోర్డులు రాసేవాడి చేతికి చక్రం అంటే కోణార్క చక్రమే. హోటలు, బ్యాంకు, ట్రావెల్స్, క్లబ్బు, ఎవరడిగినా అదే గీస్తాం. ఎనిమిది లావు ఆకులు, వాటి మధ్యన ఎనిమిది సన్నవి, ప్రతి లావు ఆకు నడుమ పతకంలో ఓ బొమ్మ, అంచున పూసలు. కళ్ళు మూసుకుని గీసేస్తాను. ఇక్కడ ఆరే ఆకులు, నగ లేదు, పూస లేదు. వృత్తాన్ని ఆరు భాగాలు చెయ్యడం కంపాసు పట్టినవాడికి చిటికెలో పని, తెరిచిన కొలత మార్చకుండా చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరోసారికి మొదటి గుర్తు దగ్గరికే వస్తుంది. కష్టమంతా ఆకు లావు దగ్గరొచ్చింది. సన్నగా వేస్తే సైకిలు చక్రంలా ఉంది. లావుగా వేస్తే మధ్యలో ఎర్రటి సందులు మూసుకుపోయాయి. ఎరుపు ఎంత కనబడుతుందో తెలుపూ ఇంచుమించు అంతే కనబడేలా వేశాక రోడ్డు అవతలికి వెళ్ళి, టీకొట్టు దగ్గర నిలబడి చూశాను. అప్పుడు నిలిచింది.

ఈ చక్రం వెనక కథ ఉంది. 975 నుంచి 1011 దాకా మైంజ్‌లో విల్లిగిస్ అనే ఆర్చిబిషప్పు ఉండేవాడు. బండిచక్రాలు చేసే వడ్రంగి కొడుకని చెప్పుకుంటారు. పెద్దింటివాళ్ళకి అది గిట్టక, ఆయన ఇంటి గోడల మీద సుద్దతో చక్రాలు గీసి వెక్కిరించారట. ఆయన వాటిని తుడిపించకుండా, ఎర్ర నేల మీద తెల్ల చక్రాలు రాయించుకుని, ఎక్కణ్ణించి వచ్చావో మరిచిపోకు అని తనకి తనే చెప్పుకునేవాడట. కథ బావుంది. కాకపోతే ఆయన పోయిన నూరేళ్ళకి గానీ డాలు చిహ్నాల వాడుకే రాలేదు, కాబట్టి కథని కథగానే ఉంచుకోవాలి. గోడ మీద సుద్దరాత ఒకటి చివరికి రాజ్యం గుర్తు అయిందంటే మాత్రం మా కులవృత్తివాళ్ళకి నమ్మబుద్ధేస్తుంది.

మైంజ్ ఆర్చిబిషప్పులు మతపెద్దలే కాదు, ప్రభువులు కూడా. చాలా పల్లెలు వాళ్ళ ఏలుబడిలో ఉండేవి. 1803 నాటికి ఆ రాజ్యం రద్దయిపోయింది. చక్రం మాత్రం పల్లెల డాళ్ళలో ఉండిపోయింది. అలాగే ట్రియర్ ఆర్చిబిషప్పుల కింద ఉన్న ఊళ్ళలో తెలుపు మీద ఎర్ర శిలువ కనబడుతుంది, కొలోన్ వాళ్ళ ఊళ్ళలో తెలుపు మీద నల్ల శిలువ. స్పాన్‌హైమ్ ప్రభువులకి చదరంగం గళ్ళు. వాళ్ళలోనే రెండు శాఖలు, ఒకరికి నీలం-పసుపు గళ్ళు, రెండోవారికి ఎరుపు-తెలుపు. పాలటినేట్ ప్రభువుల కింద ఉన్నచోట నల్లటి నేల మీద బంగారు సింహం. మా పిల్ల ఆదివారాలు సైకిలేసుకుని తిరుగుతుంది కదా, ఏ ఊరి పొలిమేర బోర్డు చూసినా ఫొటో తీసి పంపమన్నాను. పంపుతోంది. ఇప్పుడు లేని రాజ్యాల హద్దులు ఎక్కడెక్కడ ఉండేవో ఆ బొమ్మల్ని బట్టే చెప్పొచ్చు. ఇక్కడ చక్రం ఆగిపోయింది, వాగు దాటితే సింహం మొదలైంది. హద్దు మీద బతికేవాడిని, నాకు ఈ ఆట వదలబుద్ధి కాలేదు.

పొలిమేరలో రెండు బోర్డులుంటాయట. ఒకటి సర్కారుది, పసుపు మీద నల్లక్షరాలతో ఊరి పేరు. మన రైల్వే స్టేషన్ల బోర్డుల రంగులే. అది దాటగానే కారు గంటకి 50 కిలోమీటర్లు మించకూడదు. ఊరు దాటేచోట అదే పేరు మీద ఎర్రటి ఏటవాలు గీత. రెండోది ఊరివాళ్ళు పెట్టుకున్నది, చాలాచోట్ల చెక్కది, దాని మీద డాలు.

ఈ డాళ్ళు నాకు పూర్తిగా కొత్త కాదని తర్వాత తెలిసింది. ఆటోల వెనకద్దం మీద పోర్షే స్టిక్కరు అంటించి ఎంతమందిని సంతోషపెట్టానో. బంగారు డాలు, మధ్యలో నల్లగుర్రం. ఆ గుర్రం స్టుట్‌గార్ట్ నగరానిది. పక్కన నల్లటి కొక్కేల్లాంటివి ఉంటాయి, వినైల్ కటింగులో అవే తెగిపోయి విసిగిస్తాయి. అవి దుప్పి కొమ్ములట. ఎరుపు నలుపు చారలతో కలిపి వ్యుర్టెంబర్గ్ రాజ్యం గుర్తు. 1952 ప్రాంతంలో కంపెనీవాళ్ళు రెండింటినీ కలిపి తమది చేసుకున్నారు. ఏఎంజీ అనే కార్ల గుర్తులో ఉన్న చెట్టు ఇంకా చిన్నచోటుది. కంపెనీ ఉన్న అఫాల్టర్‌బాఖ్ అనే ఊరి ఆపిల్ చెట్టు, కింద వాగు. గుణుపురం రోడ్డులో తిరిగే ఆటోకి వ్యుర్టెంబర్గ్ కొమ్ములు నేనే పెట్టానన్నమాట.

ఇక కర్రు. చక్రం ఎంత తెలుసో కర్రు అంత తెలీదు నాకు. మాది వ్యవసాయం కుటుంబం కాదు. వాక్యాన్ని పట్టుకుని ముక్కోణంలా ఒకటి గీశాను, ఒకవైపు వంపు, ఒకవైపు తిన్నన, పైన కర్రకి తొడిగే బిగువు. కొట్టు ముందు ఆరబెట్టాను. వచ్చినవాళ్ళు తలో మాటా అన్నారు. ఒకడు ఆకు అన్నాడు, ఒకడు బాణం మొన అన్నాడు, ఒక కాలేజీ కుర్రాడు లొకేషన్ గుర్తా అన్నాడు. రబ్బరుస్టాంపు చేయించుకోడానికొచ్చిన ఓ ముసలాయన మాత్రం దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"ఇదేటి బావూ, కర్రు గదా. అరిగిపోయినట్టు గీసినావేటి?"

"ఎక్కడ తాతా?"

వేలు పెట్టి చూపించాడు. "మొన ఈ పక్కకి తిరగాల. దున్నినాక ఈ అంచే అరుగుద్ది. కొత్తదైతే ఇక్కడ నిండుగా ఉంటది." తడి పెయింటు వేలికి అంటుకుంటే పంచెకి తుడుచుకున్నాడు. ఆయన చెప్పినట్టు అంచు నింపాను. ఫొటో పంపితే, ఊరి చెక్కబోర్డు మీద ఉన్నదానికంటే ఇదే బావుందని అక్కడ అల్లుడు అన్నాడు. అల్లుడి మాట మొహమాటానిది అయ్యుండొచ్చు, తాత మాట కాదు.

ఇలాంటి కర్రు, కొడవలి, గుర్రపు నాడా, తిరగలి చక్రం జర్మనీ పల్లెల చిహ్నాల్లో కోకొల్లలు. నది ఉంటే అలల పట్టీ. ఊరి చర్చి ఏ సెయింటు పేరు మీద ఉంటే ఆయన వస్తువు వస్తుంది. పీటరుకి తాళంచెవి, జేమ్స్‌కి ఆల్చిప్ప, లారెన్స్‌ని కాల్చి చంపిన ఇనుప కమ్మీల చట్రం. పేరునే బొమ్మ చేసుకున్న ఊళ్ళూ ఉన్నాయి. నోయిష్వాన్‌స్టయిన్ కోట ఉన్న ష్వాన్‌గావ్ ఊరి డాలులో ఎరుపు మీద తెల్లహంస. వాళ్ళ భాషలో ష్వాన్ అంటే హంసే. చాలా పల్లెలకి ఈ గుర్తులు పాతకాలపు గ్రామ న్యాయసభల ముద్రల నుంచి, పొలిమేర రాళ్ళ మీద చెక్కిన గుర్తుల నుంచి దొరికాయి. అయితే డాలుగా అధికారికంగా వచ్చింది ఎక్కువమందికి ఇరవయ్యో శతాబ్దంలోనే. మా పిల్ల ఇంటావిడ బడికెళ్ళే రోజుల్లో ఆ ఊరికి డాలే లేదట.

1960ల చివర్నుంచి పదేళ్ళపాటు పశ్చిమ జర్మనీలో ఊళ్ళని కలిపేశారు. ఇరవై నాలుగు వేల పైచిలుకు గ్రామ, పట్టణ పాలకసంఘాలు ఎనిమిదిన్నర వేలకి వచ్చాయి. పంచాయతీ పోయిన ఊళ్ళు డాలుని మాత్రం వదల్లేదు, అగ్నిమాపక దళం చొక్కా మీద, పండగ స్తంభం మీద, క్లబ్బుల మీద అలాగే పెట్టుకున్నాయి. మా పిల్ల ఉండే రైన్‌లాండ్-పాలటినేట్ రాష్ట్రంలో చిన్న పంచాయతీల్ని ఎక్కువగానే మిగిల్చారు, ఇప్పటికీ 2,300 దాకా ఉన్నాయి. సర్పంచి లాంటాయన జీతం లేని గౌరవ పదవిలో ఉంటాడు.

అలాంటాయన దగ్గర్నుంచే అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. వాళ్ళ చట్టం ప్రకారం ఈ బొమ్మకి కాపీరైటు లేదు, సర్కారు పత్రం లెక్క. కానీ వాడుకోవడం వేరు. జర్మనీ సివిల్ కోడు 12వ సెక్షను మనిషి పేరుని ఇంకొకరు వాడుకోకుండా కాపాడుతుంది. ఊరి చిహ్నానికీ అదే రక్షణ. ఎవరైనా గీసుకోవచ్చు గానీ, ఊరి తరఫున మాట్లాడుతున్నట్టు పెట్టుకోకూడదు. బహుమతికి ఇంత అవసరమా అంటే, అడగడమే మర్యాద అని అల్లుడు ఈమెయిలు పెట్టాడు. సరే అని జవాబొచ్చింది, ఇండియాలో ఎక్కడ రాస్తున్నారు అని ఓ ప్రశ్నతో.

కొత్త చిహ్నం కావాలన్నా ఊరు తనంతట తను పెట్టుకోలేదు. పై అధికారి ఆమోదించాలి, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వాళ్ళు చూసి రంగు మీద రంగు పడిందా, పక్క ఊరిదాన్ని పోలి ఉందా అని చెబుతారు. నాకిది తెగ నచ్చింది. మా వైపు ఏ సంఘం చూసినా సూర్యుడు, పావురం, కలిపిన చేతులు, పుస్తకం, పళ్ళచక్రం, అన్నీ ఒకే గుండ్రటి దాంట్లో కుక్కి చుట్టూ మూడు భాషల్లో పేరు. పదడుగుల దూరం నుంచి ఉండచుట్టిన దారంలా తప్ప కనబడదు. వద్దని చెప్పే ఆఫీసు ఒకటుంటే బావుణ్ణు.

ఇంకో తెలివి చెప్పి జెండా సంగతికొస్తాను. రంగు వేయలేనిచోట, అంటే నల్లసిరా ముద్రలోనూ రాతి మీదా, రంగుని గీతల్లో చూపిస్తారు. నిలువు గీతలైతే ఎరుపు, అడ్డగీతలైతే నీలం, ఏటవాలు అయితే పచ్చ, నిలువూ అడ్డం కలిస్తే నలుపు. చుక్కలైతే బంగారం, ఖాళీ వదిలేస్తే వెండి. పదిహేడో శతాబ్దంలో పెత్రా సాంక్తా అనే జెసూట్ ఫాదరు తన పుస్తకంలో ఈ పద్ధతిని వాడాక అందరూ పట్టుకున్నారు. రబ్బరుస్టాంపులు చేసే నాకు ఇన్నాళ్ళూ ఇది తెలియకపోవడం ఏమిటో.

జెండా కూడా పంపమని చివర్లో అడిగింది పిల్ల. అక్కడ ఊళ్ళ జెండాలు చాలామట్టుకు నిలువుగా ఉంటాయి. పైన అడ్డకర్ర, దానికి పొడుగ్గా వేలాడే గుడ్డ. గాలి లేకపోయినా ముడుచుకోదు, బొమ్మ కనబడుతుంది. రంగులు డాలు నుంచే తీసుకుంటారు కాబట్టి ఈ ఊరి జెండా ఎరుపూ తెలుపూ, పొడుగు పట్టీలు, నడిమికి కాస్త పైన డాలు. కెర్బ్ అనే ఊరి పండగ రోజుల్లో ఇళ్ళ ముందు కడతారట. మా వైపు ఊరికి జెండా లేదు, ఊరి దేవుడికి ఉంది. పూరీలో గుడి శిఖరాన ఉన్న నీలచక్రం మీద జెండాని రోజూ మారుస్తారు, దాన్ని ఎక్కి కట్టడానికి వంశపారంపర్యంగా మనుషులున్నారు.

గుడ్డ మీద పెయింటు వేస్తే బిర్రబిగిసి పగులుతుంది. ప్రింటు వేయిస్తే ఒకవైపే వస్తుంది, రెండోవైపు వెలిసినట్టుంటుంది. పిప్లి చాందువా పని నేర్చిన దర్జీ ఒకాయన మా బజారులో ఉన్నాడు. జగన్నాథుడి చాందినీలకి ఏనుగులు, పువ్వులు గుడ్డలోంచి కత్తిరించి కుట్టే పని అది. ఆయన ముందు డాలు బొమ్మ పెడితే ఓ నిమిషం చూసి, "నీడలు లేవు, మెలికలు లేవు. రెండే గుడ్డలు. ఇది మా పనే" అన్నాడు. తెల్లగుడ్డలో చక్రం కత్తిరించి ఎర్రగుడ్డకి కుట్టి, వెనకవైపు ఇంకో చక్రం అదే కుట్టు మీద సరిపెట్టాడు. చక్రం ఎటు తిప్పినా చక్రమే. కర్రుకి వెనకవైపు మొన తిరగబడుతుంది, దాన్ని వేరే కత్తిరించాల్సొచ్చింది. అంచులు మడిచి కుట్టిన తీరు చూస్తే నా ఎనామిల్ గీత సిగ్గుపడాలి.

చెక్కకి తెలుపు వేశాను, వెండి పెయింటు వెయ్యలేదు. డబ్బాలో అల్యూమినియం పెయింటు ఉంది, పిల్ల కూడా మెరిస్తే బావుంటుందేమో అంది. రెండేళ్ళకి అది బూడిదరంగు అవుతుంది, బూడిదరంగు వాళ్ళ లెక్కలో లేదు. తెలుపే వెండి. విశాఖ నుంచి వెళ్ళేవాళ్ళు ఉంటే బట్టల మధ్యన పెట్టి పంపాం. ఇంటావిడ ముందుగా కర్రు మొననే తడిమి చూసిందట. ఆవిడ నాన్న దున్నేవాడట.

ఇదంతా ఆరుతున్నప్పుడు చూసిన కాశీనగర్ దారిలో ఓ ఊరి కుర్రాళ్ళు నన్ను పట్టుకున్నారు. క్రికెట్ జెర్సీ మీద వేసుకోడానికి తమ ఊరికీ ఇలాంటిది కావాలట. ఊళ్ళో సగం తెలుగు, సగం ఒడియా, జట్టూ అంతే. ఒక్క షరతు పెట్టాను, ఏం గీయాలో ఒక్క వాక్యంలో రాసుకు రండి, అక్షరాలు ఉండకూడదు. మొదటిసారి హీరో మొహం తెచ్చారు. వాక్యం చెప్పమంటే హీరో పేరే చెప్పారు, పేరు వాక్యం కాదన్నాను. తర్వాత ఠాకురాణి (గ్రామదేవత), సింహం, బ్యాటు, బాలు, జీడిమామిడి, అన్నీ కలిపి తెచ్చారు. నా రబ్బరుస్టాంపు బల్ల దగ్గర గంటసేపు వాదులాడుకున్నారు, సగం తెలుగులో, సగం ఒడియాలో. చివరికి మిగిలింది మహేంద్రగిరి. 1,501 మీటర్ల కొండ, ఎవరి ఇంటి ముందు నిలబడ్డా కనబడుతుంది, దానికి భాష లేదు. కొండ నడుమ మహేంద్రతనయ నది ఒక తెల్లటి అల.

బంగారు డాలులో పచ్చటి కొండ, కొండలో వెండి అల. లోహం మీద రంగు, రంగు మీద లోహం, నియమానికి నిలబడింది. రెండు భాషల్లోనూ రాసుకున్నారు. అంతలో వికెట్‌కీపరు, కొండ పచ్చగా ఎక్కడుంది, మన ఊరి నుంచి చూస్తే నీలం కదా అన్నాడు. ఎక్కినవాళ్ళు పచ్చ అంటున్నారు, ఎక్కనివాళ్ళు నీలం అంటున్నారు. ఏదైనా నియమానికి ఇబ్బంది లేదు. పచ్చ అయితే నా దగ్గర డబ్బా ఉంది. నీలం అయితే బరంపురం నుంచి తెప్పించాలి, సగం డబ్బులు ముందు కట్టమన్నాను.